చెప్పినా వినరెందుకు? – పాఠకుల ఆరోగ్య ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు రాసింది టీచర్లు, ఆశా కార్యకర్తలు, కోడళ్ళు, పంచాయతీ వాళ్ళు. అందరి బాధా ఒక్కటే: "ఎంత చెప్పినా వినడం లేదు." వినకపోవడానికి కారణం మొండితనం కాదని మా నమ్మకం. ఆ ఇంట్లో ఆ పని ఎక్కడ ఆగిపోతోందో వెతికితే దారి కనిపిస్తుంది. ఐదు ఉత్తరాలకు ఇక్కడ జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: మా బడిలో 200 మంది పిల్లలు. సబ్బుతో చేతులు కడుక్కోకపోతే క్రిములు కడుపులోకి పోతాయని ప్రార్థనలో రోజూ చెబుతున్నాం, గోడల మీదా రాయించాం. అడిగితే గడగడా అప్పజెబుతారు. భోజనం గంట కొట్టగానే మాత్రం పళ్ళేలు పట్టుకుని పరుగే. ఇళ్ళలోనూ ఇదే తీరు. ఇంకేం చేయాలి?
– ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, చిత్తూరు జిల్లా

జవాబు: గడగడా అప్పజెబుతున్నారంటే విషయం తెలుసన్నమాట. కాబట్టి తెలియజెప్పే పని ఇక చాలు. మిగిలినవి రెండు పనులు: చేయాలనిపించడం, చేయడానికి వీలుండడం.

మొదటిదానికి మీ జిల్లాలోనే మంచి ఉదాహరణ ఉంది. చిత్తూరు జిల్లాలో 14 పల్లెలు ఎంచుకుని, ఏడింటిలో 'సూపర్ అమ్మ' అనే ప్రచారం నడిపారు. మిగతా ఏడింటినీ పోలిక కోసం ఉంచారు. ఫలితాలు 2014లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చాయి. అందులో క్రిముల ఊసు, రోగాల ఊసు దాదాపు లేవు. మురికి చేతులతో లడ్డూలు చుట్టే ఒక మొరటు మనిషి నాటిక చూపి జనానికి రోత పుట్టించారు. కొడుక్కి మంచి అలవాట్లు నేర్పి ప్రయోజకుణ్ణి చేసే తల్లి బొమ్మల సినిమా వేశారు. ఊరందరి ముందూ ఆడవాళ్ళచేత మాట ఇప్పించారు. మొదట్లో, కడుక్కోవలసిన నూరు సందర్భాల్లో సబ్బు వాడింది ఒకటో రెండో. ప్రచారం జరిగిన ఊళ్ళలో ఆరు నెలలకు అది 37 అయింది, జరగని ఊళ్ళలో 6 దగ్గరే ఆగింది. తర్వాత ఆ ఊళ్ళలోనూ క్లుప్తంగా అదే ప్రచారం చేశారు. ఏడాది అయ్యేసరికి రెండు వైపులా 29 దగ్గర నిలిచింది. ఈ అంకెలు ఎవరినీ అడిగి రాసుకున్నవి కావు, ఇళ్ళలో కూర్చుని కళ్ళారా చూసి లెక్కవేసినవి. అడిగితే "కడుక్కుంటాం" అననివాళ్ళు ఎవరుంటారు?

37 చిన్న అంకెగా అనిపించవచ్చు. భయపెట్టే పాఠాలు ఏళ్ళ తరబడి చెప్పిన చోట 1, 2 దగ్గరే ఉండిపోయిన అలవాటు అది. రోత, బిడ్డ మీద ప్రేమ, నలుగురిలో మర్యాద – ఈ మూడూ క్రిముల భయం కంటే బలమైనవి.

మీ తరగతిలో ఇది చేసి చూడండి. నలుగురు పిల్లల అరచేతులకు అర చెంచా నూనె, చిటికెడు పసుపు కలిపి రుద్దండి. ఇద్దరిని ఉత్త నీళ్ళతోనూ ఇద్దరిని సబ్బుతోనూ కడుక్కోమనండి. నలుగురికీ తెల్లకాగితం ఇచ్చి చేతులు తుడవమనండి. ఉత్తనీళ్ళ వాళ్ళ కాగితం పచ్చబడుతుంది. అప్పుడు ఒక్క మాట అడగండి: "ఇది పసుపు కాక దొడ్డికి వెళ్ళొచ్చిన చెయ్యి అయితే?" అక్కడితో ఆపేయండి, ఉపన్యాసం వద్దు. మన ఇళ్ళలో ఎంగిలి గురించి పట్టింపు చాలా ఉంది. కంటికి కనిపించని మురికిని కూడా ఆ ఎంగిలి లెక్కలోకి తెస్తే పిల్లలకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ఇక, ఏ పిల్లవాణ్ణీ పేరుపెట్టి మురికివాడనకండి. రోత చేతి మీద పుట్టాలి, మనిషి మీద కాదు. కులం పేరు చెప్పి పిల్లల్ని వెక్కిరించే ఊళ్ళలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

రెండోది కుళాయిల లెక్క. ఐదు కుళాయిలున్నాయనుకోండి. ఒక్కొక్కరికి అర నిమిషం చొప్పున 200 మందికి 20 నిమిషాలు. అన్నం చల్లారిపోతుంటే ఏ పిల్లవాడు నిలబడతాడు? తప్పు అలవాటులో లేదు, వరసలో ఉంది. గోడ వెంట పిల్లల నడుమెత్తున ప్లాస్టిక్ పైపు బిగించి, అడుగుకొకటి చొప్పున 20 సన్నని రంధ్రాలు వేసి, నీళ్ళు వచ్చే కొసన ఒక వాల్వు పెట్టండి. ఇరవై మంది ఒకేసారి కడుక్కుంటారు, అందరూ అయిపోవడానికి ఐదు నిమిషాలు చాలు. సబ్బుబిళ్ళలు పెడితే కాకులు ఎత్తుకుపోతాయి, నీళ్ళలో నాని కరిగిపోతాయి. లీటరున్నర నీళ్ళసీసాలో 30 గ్రాముల బట్టలపొడి, అంటే నాలుగు టీచెంచాలు కలిపి, మూతకు రంధ్రం చేసి వేలాడదీయండి. చవకగా గడిచిపోతుంది. భోజనం వరస ఆ పైపు దగ్గరే మొదలు కావాలి. చేతులు తడిగా ఉన్నవారికే పళ్ళెం.

ప్రశ్న: గర్భిణులకు ఐరన్ మాత్రలు ఇస్తాను. తీసుకుంటారు, డబ్బాలో దాచేస్తారు. బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని కొందరు, బిడ్డ నల్లగా పుడుతుందని కొందరు, వేడి చేస్తుందని కొందరు. రిజిస్టరులో "ఇచ్చాను" అని రాస్తున్నానే గానీ మింగుతున్నారని చెప్పలేను.
– ఆశా కార్యకర్త, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: ఉన్నదున్నట్టు రాశారు. ఇచ్చిన మాత్ర వేరు, మింగిన మాత్ర వేరు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. మాత్రలు ఊరూరా అందుతున్నా అంకె ఇంత ఉంది.

ముందు కడుపులో తిప్పే సంగతి చూడండి. ఎక్కువమంది మానేసేది నమ్మకాల వల్ల కాదు, మొదటి వారంలో వచ్చే వికారం వల్ల. బయటికి చెప్పే కారణం మాత్రం "వేడి". రాత్రి భోజనమైన గంటకు, పడుకోబోయే ముందు వేసుకోమనండి. వికారం వచ్చినా నిద్రలో గడిచిపోతుంది. టీ, కాఫీలకు మాత్రకు కనీసం గంట ఎడం ఉండాలి, అవి ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. నిమ్మరసం నీళ్ళతో వేసుకుంటే బాగా పడుతుంది. క్యాల్షియం మాత్రతో కలిపి వేసుకోకూడదు. క్యాల్షియం పొద్దున, మధ్యాహ్నం భోజనాలతో, ఐరన్ రాత్రికి. రెండూ ఒకే కవరులో ఇస్తే రెండూ ఒకేసారి మింగేస్తారు కాబట్టి వేర్వేరు కవర్లలో ఇచ్చి, ఒకదాని మీద సూర్యుణ్ణి, రెండోదాని మీద చంద్రుణ్ణి గీయండి.

మలం నల్లగా వస్తుందని మొదటి రోజే చెప్పండి. మాత్రలో ఒంటికి పట్టని ఇనుము అలా బయటికి పోతుంది, అంతే. ముందు చెబితే అది మామూలు సంగతి. తర్వాత చెబితే సర్దిచెబుతున్నట్టుంటుంది. ఆ నలుపే బిడ్డకు వస్తుందని ఊహించుకుంటారు గనుక, రంగు అమ్మానాన్నల నుంచి వచ్చేదని కూడా అప్పుడే చెప్పేయాలి.

బిడ్డ పెద్దదవుతుందన్న భయాన్ని నవ్వి తీసేయకండి. కాన్పులో ప్రాణం పోవడం చూసిన పెద్దవాళ్ళ భయం అది. మాత్ర బిడ్డను లావు చేయదని, తల్లికి రక్తం పడుతుందని చెప్పండి. కాన్పులో రక్తం పోవడం అందరూ ఎరిగినదే. "పోయే రక్తానికి ముందే దాచిపెట్టుకుంటున్నాం" అంటే అత్తలకు వెంటనే అర్థమవుతుంది. ఈ మాట కోడలితో ఒంటరిగా కాదు, అత్తగారి ఎదుటే అనాలి. మాత్ర మింగాలా వద్దా అన్నది చాలా ఇళ్ళలో తేల్చేది ఆవిడే. రోజూ రాత్రి మాత్ర అందించే పని ఆవిడకే అప్పగించండి.

"రక్తహీనత" అనే మాట వదిలేసి "రక్తం తక్కువ" అనండి. హిమోగ్లోబిన్ అంకెను తల్లీబిడ్డల కార్డు మీద పెద్దగా రాయండి. మాత్రలు సరిగ్గా వేసుకుంటే నెలకు సుమారు ఒక పాయింటు పెరుగుతుంది. 9 ఉన్నది 10 కావడం కళ్ళారా చూసిన మనిషికి వేరే ప్రోత్సాహం అక్కర్లేదు. 11కు తక్కువైతే రక్తం తక్కువ. 7 కంటే దిగితే మాత్రలతో కాలయాపన చేయకుండా ఆస్పత్రికి పంపండి. పెరగకపోతే "మింగలేదు కదూ" అనకండి. టీతో వేసుకుంటోందా, నులిపురుగుల మాత్ర పడిందా చూడండి. నాలుగో నెల తర్వాత ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు ఒకసారి వేయాలి.

మరొక చోట గొలుసు తెగుతుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 మాత్రలు ఇక్కడ మొదలవుతాయి. ఏడో నెలలో సీమంతం చేసి పిల్లను పుట్టింటికి పంపిస్తారు. మీ రిజిస్టరులో ఆవిడ లేదు, ఆ ఊరి ఆశా రిజిస్టరులో ఇంకా ఎక్కలేదు. అసలు అవసరమైన మూడు నెలలూ మాత్రల్లేకుండా పోతాయి. సీమంతం ఎప్పుడని ముందే అడిగి, ఆ వారం ఆ మూడు నెలలకు సరిపడా మాత్రలు, కార్డు ఆమె సంచిలో పెట్టించండి. పుట్టింటి ఊరి ఆశాకు ఒక ఫోన్ చేయండి. గాజులు తొడిగిన రోజునే కన్నతల్లికి మాత్రల కవరు అప్పగించమని అత్తగారికి చెబితే అది కూడా ఆ వేడుకలో భాగమైపోతుంది. కాన్పు తర్వాత ఇంకో 180 రోజులు వేసుకోవాలి కాబట్టి తిరిగి వచ్చేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త.

ప్రశ్న: నాకు పాప పుట్టి ఆరు రోజులైంది. అత్తయ్య పథ్యం అంటూ నీళ్ళు కొంచెమే ఇస్తున్నారు. కారప్పొడి అన్నం, వెల్లుల్లి తప్ప ఏమీ లేదు. డాక్టరు అన్నీ తినమన్నారు. గొడవ పడాలని లేదు, కానీ పాలు సరిగా పడటం లేదు.
– ఒక బాలింత, ప్రకాశం జిల్లా

జవాబు: తల్లీ, గొడవ అక్కర్లేదు. పథ్యాన్ని మూడు కుప్పలుగా విడదీసి చూడండి.

ఉంచుకోవలసినవి చాలా ఉన్నాయి. పనులు చెప్పకుండా గదిలో విశ్రాంతినివ్వడం, వేడి వేడిగా వండిపెట్టడం, నువ్వులు, బెల్లం, మునగాకు – అన్నీ మేలు. చెవుల్లో దూది, తలకు గుడ్డ – వీటివల్ల లాభం లేదు, నష్టమూ లేదు. వాటి మీద వాదించి అత్తయ్య మనసు కష్టపెట్టకండి. ఆపవలసినవి కొన్నే: నీళ్ళు తగ్గించడం, పప్పు కూరలు మానేయడం, పాపకు తేనె, చక్కెరనీళ్ళు, ఆముదం నాకించడం, గది నిండా సాంబ్రాణి పొగ. ఏడాది లోపు బిడ్డకు తేనె ప్రమాదం, అందులో ఉండే ఒక రకం క్రిమి పసిపేగుల్లో విషం పుట్టించగలదు. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అక్కర్లేదు. సాంబ్రాణి మీ జుట్టుకు కావాలంటే పాప లేని చోట పట్టించుకోండి.

నీళ్ళ సంగతి ఇలా దాటండి. అత్తయ్య అభ్యంతరం నీళ్ళ మీద కాదు, చలవ మీద. పాపకు జలుబు చేస్తుందని ఆవిడ భయం. చలవ కానివి అడగండి: కాచిన జీలకర్ర నీళ్ళు, ధనియాల కషాయం, వేడి పాలు, మిరియాల చారు. పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు పక్కన ఉండాలి. పాప రోజుకు ఎనిమిది, పదిసార్లు తాగుతుంది కాబట్టి వేరే లెక్క పెట్టుకోనక్కర్లేదు. కూరల్లో బీరకాయ, పొట్లకాయ, పప్పుల్లో పెసరపప్పు పథ్యానికి పనికొస్తాయని పెద్దవాళ్ళే ఒప్పుకుంటారు. వాటితో మొదలుపెట్టండి, మాంసాహారులైతే గుడ్డు, పులుసు కలపండి. పాలిచ్చే తల్లికి మామూలు కంటే రోజుకు దాదాపు 600 క్యాలరీలు ఎక్కువ కావాలి, అంటే ఇంచుమించు ఇంకో పూట భోజనం.

అన్నిటికంటే ముందు పాలు పడటానికి మందు పాప నోరే. ఎంత తరచుగా పట్టిస్తే అన్ని పాలు. పాప రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తోందంటే పాలు సరిపోతున్నట్టే. ఆ లెక్క పెట్టే పని అత్తయ్యకే ఇవ్వండి, రెండు రోజుల్లో ఆవిడే మీ తరఫున మాట్లాడతారు. గంటలో గుడ్డ తడిసిపోయేంత రక్తం పోయినా, జ్వరం, దుర్వాసన, మూర్ఛ ఏది కనిపించినా పథ్యం సంగతి పక్కనపెట్టి వెంటనే 108.

ప్రశ్న: బాబుకు విరేచనాలైతే మందుల షాపులో పళ్ళరసం డబ్బా ఇచ్చి ఇదే ఓఆర్‌ఎస్ అన్నారు. పొడి ప్యాకెట్ కలిపిస్తే ఉప్పగా ఉందని ఉమ్మేశాడు. ఎలాగోలా తాగించినా విరేచనాలు ఆగలేదు. గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తేనే బలమని మావాళ్ళంటున్నారు.
– గృహిణి, కరీంనగర్

జవాబు: ఉప్పగా ఉందన్న దగ్గరే అసలు తప్పు ఉంది. 20.5 గ్రాముల ప్యాకెట్ పూర్తి లీటరు నీళ్ళకు. చాలా ఇళ్ళలో దాన్ని ఒక గ్లాసులో కలిపేస్తారు, ఎందుకంటే వంటింట్లో లీటరు కొలత ఉండదు. అంత చిక్కటి ఉప్పునీళ్ళు పసివాడికి హాని కూడా. ఖాళీ లీటరు నీళ్ళసీసా ఒకటి కడిగి దానికోసమే ఉంచండి. కాచి చల్లార్చిన నీళ్ళు నిండా పోసి, ప్యాకెట్ మొత్తం ఒకేసారి వేయండి. సగం ఇప్పుడు, సగం రేపు అనుకుంటే కొలత తప్పుతుంది. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. రుచి కన్నీటిలా ఉండాలి, అంతకంటే ఉప్పగా కాదు.

రెండేళ్ళలోపు పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పై వయసు వారికి 100 నుంచి 200. గ్లాసుతో ఒకేసారి పోస్తే కక్కుతారు. చెంచాతో, నిమిషానికొకటి చొప్పున పట్టండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టండి. జింకు మాత్ర 14 రోజులు: ఆరు నెలలు దాటితే 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వరకు 10. విరేచనాలు తగ్గగానే ఆపేయడం అందరూ చేసే పొరపాటు. తల్లిపాలు, మెత్తటి పెరుగన్నం మానవద్దు.

ఓఆర్‌ఎస్ విరేచనాలను ఆపదు. పోయిన నీళ్ళను, లవణాలను తిరిగి ఇస్తుంది. ఈ ఒక్క మాట ముందే చెప్పని కారణంగా ఎంతోమంది తల్లులు "పనిచేయలేదు" అని వదిలేస్తారు. బాబు హుషారుగా ఉన్నాడా, మూత్రం పోస్తున్నాడా – చూడాల్సింది ఇవి. గ్లూకోజు బాటిల్‌లో వెళ్ళేది కూడా నీళ్ళు, లవణాలే. తాగగలిగిన పిల్లవాడికి సూది అక్కర్లేదు. కళ్ళు లోపలికి పోయినా, మగతగా ఉన్నా, ఏమీ తాగలేకపోయినా, మలంలో రక్తం పడినా మాత్రం ఆలస్యం చేయకండి.

డబ్బాల సంగతి: అందులో చక్కెర చాలా ఎక్కువ, లవణాలు తక్కువ, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాదు పిల్లల డాక్టరు ఒకరు దీనిమీద ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో జాతీయ ఆహార భద్రతా సంస్థ ఇలాంటి పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. ప్యాకెట్ మీద "ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా" అని ఉందా చూసి కొనండి. అంగన్‌వాడీలో, ఆశా దగ్గర ఉచితంగా ఇస్తారు.

ప్రశ్న: మా ఊళ్ళో మరుగుదొడ్లు కట్టించాం. మగవాళ్ళు ఇంకా చెంబు పట్టుకుని పొలాలకే. గుంత నిండితే ఎవరు తీస్తారని అడుగుతున్నారు.
– పంచాయతీ వార్డు సభ్యుడు, వరంగల్ జిల్లా

జవాబు: వాళ్ళ ప్రశ్న న్యాయమైనది. ఒకరి మలాన్ని మరొకరిచేత ఎత్తించిన చరిత్ర మనది, ఆ పని ఇప్పుడు చట్టవిరుద్ధం కూడా. గుంత నిండుతుందన్న భయంతో ఆడవాళ్ళకు, ముసలివాళ్ళకు మాత్రమే దొడ్డి వదిలి మగవాళ్ళు పొలానికి పోతారు. "ఆత్మగౌరవం" అని గోడమీద రాస్తే ఈ భయం పోదు. గుంత ఎలా పనిచేస్తుందో చూపిస్తేనే పోతుంది.

మీ జిల్లాలోని గంగదేవిపల్లిలో 2017 ఫిబ్రవరిలో అప్పటి కేంద్ర తాగునీటి, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్, పలు రాష్ట్రాల అధికారులు స్వయంగా గుంతలోకి దిగి ఎరువు ఎత్తారు. మూసి ఉంచిన గుంతలో మిగిలేది వాసన లేని, నల్లటి, పొడిపొడి మట్టి. మీ ఊరి మగవాళ్ళను పదిమందిని ఆటోలో ఎక్కించి, అలా నిండి మూసిన గుంత తెరిచే రోజున ఏదైనా ఊరికి తీసుకెళ్ళండి. చేత్తో పట్టుకుని వాసన చూసినవాడు ఊళ్ళోకి వచ్చి చెప్పే మాటకు సాటి లేదు.

ఆ తర్వాత మీ మేస్త్రీ ఏం కట్టాడో తనిఖీ చేయండి, ఎందుకంటే కట్టుబడి తప్పైతే భయం నిజమవుతుంది. గుంతలు రెండుండాలి, ఒక్కొక్కటి మీటరు వెడల్పు, మీటరుకు పైగా లోతు. ఐదారుగురున్న ఇంట్లో ఒకటి నిండటానికి ఐదేళ్ళు పడుతుంది. నిండాక మూసి రెండేళ్ళు వదిలేయాలి, ఈలోగా రెండోది వాడాలి. రెండు గుంతల మధ్య కనీసం మీటరు ఎడం లేకపోతే వాడే గుంతలోని నీరు మూసిన దాంట్లోకి ఊరి, అది ఎప్పటికీ ఎండదు. గోడలో ఇటుకల మధ్య సందులుండాలి, అడుగున సిమెంటు వేయకూడదు. గట్టిగా ఉండాలని అడుగంతా ప్లాస్టరింగు చేయించుకున్న ఇళ్ళలో నీరు ఇంకక నెలల్లోనే నిండిపోతుంది. దొడ్డి గొట్టం రెండు గుంతలకు చీలే చోట ఉండే 'వై' ఆకారపు తొట్టిలో ఒక దారి ఇటుకతో మూసి ఉందో లేదో మూత ఎత్తి చూడండి. రెండు దారులూ తెరిచి ఉంటే రెండు గుంతలూ ఒకేసారి నిండుతాయి, అప్పుడు మీ ఊరివాళ్ళు అడిగిన ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబుండదు. చెంబుడు, అంటే లీటరున్నర, రెండు లీటర్ల నీళ్ళకు శుభ్రమయ్యే ఏటవాలు బేసిన్ వేయించండి. బకెట్టు నీళ్ళు మోసుకురావలసిన దొడ్డిని వేసవిలో ఎవరూ వాడరు.